బిగ్ బెండ్‌కి మార్చిలో రెండు కుటుంబాలు, పెద్దవాళ్లతో: క్యాబినా, క్యాంప్‌గ్రౌండా?

శ్రీని_ప్లానో

అందరికీ నమస్తే. వచ్చే మార్చి స్ప్రింగ్ బ్రేక్‌కి (స్కూలు సెలవులకి) టెక్సాస్‌లోని బిగ్ బెండ్ నేషనల్ పార్క్ వెళ్దామని మా ఇంట్లో, మా బావమరిది ఇంట్లో తీర్మానం అయిపోయింది. పెద్దలం నలుగురం, పిల్లలు ముగ్గురు (పెద్దవాడికి పదకొండు, చిన్నదానికి నాలుగు), ఇండియా నుంచి వచ్చిన మా అత్తగారు, మామగారు. మొత్తం తొమ్మిది మంది, రెండు కార్లు. మామగారికి షుగరు, మోకాళ్ల నొప్పులు. నేల మీద పడుకుంటే లేవడం కష్టం. అత్తగారు మాత్రం టెంటులో పడుకుంటానని ఇప్పటినుంచే సరదా పడుతున్నారు.

ఎక్కడ దిగాలన్నదే తేలడం లేదు. టెర్లింగ్వా వైపు క్యాబిన్లు, గుండ్రటి డోములు బోలెడు కనిపిస్తున్నాయి. ఫొటోలు చూస్తే అన్నీ బాగానే ఉన్నాయి. పార్కు లోపల క్యాంప్‌గ్రౌండ్లు చవక, కానీ దొరకవంటున్నారు. నాలుగు రాత్రులు ఉంటాం. ఒకే చోట ఉండి అన్నీ చూసి రావచ్చా? వంట మనమే చేసుకుంటాం. వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి.

దారినపోయే_దానయ్య (ఆస్టిన్)

శ్రీని గారూ, ఫొటోలు పక్కన పెట్టి ముందు మ్యాపు తెరవండి. ఆ పార్కు ఎనిమిది లక్షల ఎకరాల పైచిలుకు. లోపల స్పీడ్ లిమిట్ 45 మైళ్లు. మీ బస ఎక్కడుంటే మీ పొద్దుట పూట అంతా అక్కడి నుంచి బయటపడటానికే పోతుంది. ఇది అర్థం కాక చాలామంది బాగున్న క్యాబిన్ పట్టుకుని, రోజూ నాలుగు గంటలు కారులో కూర్చుని వస్తారు.

స్థూలంగా మూడు దిక్కులు. తూర్పున రియో గ్రాండే విలేజ్: నది ఒడ్డు, బోకియస్ కాన్యన్, వేడినీటి బుగ్గ. మధ్యలో చిసోస్ కొండలు: చల్లదనం, అసలైన నడక దారులు. పడమర, నైరుతిల్లో కాస్టొలన్, శాంటా ఎలీనా కాన్యన్. పడమటి గేటు దాటగానే బయట స్టడీ బ్యూట్, టెర్లింగ్వా, ఇంకాస్త ముందుకు లాహీటస్.

పాంథర్ జంక్షన్ దగ్గర పార్కు హెడ్‌క్వార్టర్స్ ఉంది. అన్ని లెక్కలూ అక్కడి నుంచే వేసుకోండి. అక్కడి నుంచి రియో గ్రాండే విలేజ్ 20 మైళ్లు, టెర్లింగ్వా వైపు 25 మైళ్ల చిల్లర, ఉత్తరాన మారథాన్ ఊరు 70 మైళ్లు. రియో గ్రాండే విలేజ్‌లో దిగి శాంటా ఎలీనా చూడాలంటే ఒక్క వైపే 60 మైళ్లు దాటుతుంది, గంటన్నర పైనే పడుతుంది. మధ్యలో ఆగకుండా ఎవరూ వెళ్లలేరు కాబట్టి రెండు గంటలు అనుకోండి. టెర్లింగ్వాలో దిగి వేడినీటి బుగ్గకు పోవాలన్నా అదే కథ.

నా మాట వింటే నాలుగు రాత్రుల్ని రెండుగా చీల్చండి. రెండు రాత్రులు తూర్పున, రెండు పడమర. సామాను ఒకసారి సర్దుకునే శ్రమ ఉంటుంది, నిజమే. కానీ నలుగురైదుగురు వేరే వేరే దిక్కుల మీద మనసు పెట్టుకున్నప్పుడు ఇదొక్కటే కుదిరే మార్గం.

ఇంకొకటి. చిసోస్ బేసిన్ (ఆ కొండల మధ్యలోని లోయలాంటి చోటు) మీద ఆశ పెట్టుకుని ప్లాన్ గీయకండి. అక్కడి పాత లాడ్జ్ తీసేసి కొత్తది కట్టడానికి బేసిన్‌ను మూసి పనులు చేస్తామని పార్కు ప్రకటించింది. మీ తేదీలకు తెరిచి ఉందో లేదో పార్కు అధికారిక పేజీలో చూసుకున్నాకే మిగతా మాట.

మట్టిరోడ్డు_మల్లేశ్ (శాన్ ఆంటోనియో)

దానయ్య అన్న చెప్పింది కరెక్టే కానీ పడమర రెండు రాత్రులు కూడా బయట ఎందుకు? కాటన్‌వుడ్ క్యాంప్‌గ్రౌండ్ ఉంది కదా, కాస్టొలన్ పక్కనే. పాతిక లోపే సైట్లు (టెంటు వేసుకునే చోట్లు). పెద్ద పెద్ద చెట్ల కింద, జనరేటర్లు అసలు పెట్టనివ్వరు. రాత్రి గుడ్లగూబ అరుపు తప్ప చప్పుడే ఉండదు. పొద్దున్నే లేచి అందరికన్నా ముందు శాంటా ఎలీనా చేరొచ్చు. ఎండ పడకముందు ఆ కాన్యన్‌లో నడిస్తే ఆ మజానే వేరు. రెండు పక్కలా 1,500 అడుగుల నిటారు గోడలు, మధ్యలో నది. ఇవతలి గోడ అమెరికా, అవతలిది మెక్సికో.

మైనస్ ఏందంటే అక్కడ గుంట మరుగుదొడ్లే. ఫ్లష్ ఉండదు. షవర్ లేదు. తాగే నీళ్లు మాత్రం ఉంటాయి.

రియో గ్రాండే విలేజ్ క్యాంప్‌గ్రౌండ్ పెద్దది, 93 సైట్లు. ఫ్లష్ టాయిలెట్లు ఉన్నాయి. దగ్గర్లో చిన్న స్టోరు, పెట్రోలు, డబ్బులు వేస్తే షవర్. పార్కులో షవర్ దొరికేది అక్కడే, కాబట్టి కాటన్‌వుడ్‌లో దిగినవాళ్లు స్నానం సంగతి మర్చిపోవాల్సిందే. స్టోరు పక్కన ఆర్‌వీలకు (లోపలే పడుకునే ఇల్లులాంటి బండ్లకు) వేరే చోటు ఉంది, 25 దాకా కరెంటు, నీళ్లు, డ్రైనేజీ కనెక్షన్లతో.

సైటుకు ఎనిమిది మందినే ఒప్పుకుంటారు. మీరు తొమ్మిది మంది కాబట్టి రెండు సైట్లు తీసుకోవాలి, పక్కపక్కన దొరికితే అదృష్టం.

లలిత_కేటీ (హ్యూస్టన్)

మల్లేశ్ గారూ, అరవై దాటిన మనిషిని, మోకాళ్ల నొప్పులున్న మనిషిని గుంట మరుగుదొడ్డి దగ్గరకు అర్ధరాత్రి టార్చ్‌లైటుతో నడిపించమంటారా? మీకు క్యాంపింగ్ ఇష్టం, ఒప్పుకుంటాను. కానీ అడిగింది శ్రీని గారు, వెళ్లేది వాళ్ల మామగారు.

శ్రీని గారూ, నేను మా అమ్మానాన్నలతో వెళ్లాను. క్యాబిన్ అన్న మాట విని మోసపోవద్దు. టెర్లింగ్వా చుట్టుపక్కల కరెంటు లైను లేని స్థలాలు చాలా ఉన్నాయి. సోలార్ ప్యానెళ్లు, బ్యాటరీలు, వాన నీళ్లు పట్టిన ట్యాంకు, లేదా లారీలో తెచ్చి పోసిన నీళ్లు. అక్కడ అలాగే బతుకుతారు, తప్పేం లేదు. కానీ ఆ బ్యాటరీల మీద మన రైస్ కుక్కర్ పెడితే అయిపోయినట్టే. ఇన్‌స్టంట్ పాట్, హెయిర్ డ్రయ్యర్ సరేసరి. మేము దిగినచోట కుక్కర్ స్విచ్ నొక్కగానే మొత్తం క్యాబిన్ చీకటైపోయింది. పెట్టెలో ఎర్ర లైటు వెలుగుతూ కూర్చుంది. యజమానికి ఫోన్ చేద్దామంటే సిగ్నల్ లేదు. సగం ఉడికిన బియ్యం తీసుకెళ్లి బయట గ్యాస్ స్టవ్ మీద గిన్నెలో వార్చాను.

బాత్‌రూమ్ ఫొటో పెట్టినంత మాత్రాన అది క్యాబిన్ లోపల ఉన్నట్టు కాదు. మేము చూసిన వాటిలో ఒకచోట ఫొటోలో మెరిసిపోతున్న స్నానాలగది ఐదారు క్యాబిన్లకు ఉమ్మడిది, గులకరాళ్ల దారిలో నడిచి వెళ్లాలి. వివరాల్లో అడుగున చిన్న అక్షరాల్లో రాశారు. అందుకని బుక్ చేసేముందు యజమానికి మెసేజ్ పెట్టి ఇవన్నీ అడగండి: టాయిలెట్ లోపలేనా, నీళ్లు పోస్తే పోయేదేనా లేక రంపపు పొట్టు వేసేదా, మంచం ఎత్తెంత, నిచ్చెన ఎక్కే అటకా, రాత్రి హీటరు ఉందా, రైస్ కుక్కర్ వాడొచ్చా, మెయిన్ రోడ్డు దిగాక మట్టిదారి ఎంత దూరం, మామూలు కారు వెళ్తుందా. ఆఖరి ప్రశ్నకు ‘హై క్లియరెన్స్ (నేలకు ఎత్తుగా ఉండే బండి) ఉంటే మంచిది’ అని జవాబు వస్తే క్యామ్రీ లాంటి మామూలు కారు పోదని అర్థం చేసుకోండి.

స్టడీ బ్యూట్‌లో హైవే పక్కనే మామూలు మోటెల్ గదులున్నాయి. ఫొటోల్లో అందంగా ఉండవు. కానీ కరెంటు, వేడినీళ్లు, లోపలే టాయిలెట్, పార్కు గేటు కొద్ది మైళ్లు. పెద్దవాళ్లతో నేనైతే అక్కడే దిగుతాను.

ఫ్రిస్కో_కిరణ్

బావా, ఇక్కడ కూడా అడిగేశావా 😀 ఆ డోము లింకు పంపింది నేనే. పడుకుని చుక్కలు చూడొచ్చని పిల్లలు ఎగిరి గంతేస్తున్నారు. లలితక్కా, డోముల సంగతి ఏమంటారు? ఏసీ ఉందని రాశారు.

లలిత_కేటీ

కిరణ్, ఏసీ ఉంటుంది. పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ గోడలైతే పగలు మధ్యాహ్నం లోపల కూర్చోలేం, మార్చిలో కూడా. తెల్లారగానే వెలుతురు ముఖం మీద కొడుతుంది. పిల్లలిద్దరు, మీరిద్దరు ఒక్క రాత్రి సరదాకి అయితే ఓకే. అమ్మా నాన్నలకు వద్దు, బట్టలు మార్చుకోవాలంటే తెరలు వేసుకోవాలి.

చుక్కలరాయుడు (మిడ్‌ల్యాండ్)

చుక్కల మాట వచ్చింది కాబట్టి. డోము పైకప్పులోంచి చూడటానికి డబ్బు పెట్టడం దండగ. బయట మడత కుర్చీ వేసుకుంటే చాలు. బిగ్ బెండ్‌కు 2012లో అంతర్జాతీయ డార్క్ స్కై పార్క్ (రాత్రి ఆకాశపు చీకటిని కాపాడే పార్కు) గుర్తింపు వచ్చింది. 2022లో మెక్సికో వైపు రక్షిత ప్రాంతాలను కూడా కలిపి 15,000 చదరపు మైళ్ల పైన ఉన్న డార్క్ స్కై రిజర్వ్‌గా ప్రకటించారు. అంటే టెర్లింగ్వాలో దిగినా, మారథాన్‌లో దిగినా, పార్కు లోపలున్నా ఆకాశం ఒక్కటే. చుక్కల కోసం బస మార్చుకోనక్కర్లేదు.

చూడాల్సింది చంద్రుణ్ణి. పౌర్ణమి దగ్గర్లో వెళ్తే ఎంత మారుమూలైనా ప్రయోజనం లేదు. పంచాంగం ఇంట్లో ఉంటే అమావాస్య ఎప్పుడో చూసుకోండి. స్కూలు సెలవులు ఎలాగూ మారవు, కనీసం ఆ వారంలో చంద్రుడు ఎన్నింటికి అస్తమిస్తాడో తెలుసుకుంటే ఏ రాత్రి మేలుకోవాలో తెలుస్తుంది. మార్చిలో పాలపుంత నడిబొడ్డు తెల్లవారుజామునే పైకి వస్తుంది, సాయంత్రం ఆశించకండి. సాయంత్రానికి మృగశిర పడమటి వైపు వాలుతూ ఉంటుంది, సప్తర్షి మండలం ఈశాన్యంలో లేస్తూ ఉంటుంది. రాత్రి తొమ్మిది ప్రాంతంలో దక్షిణాన కొండ అడ్డం లేని చోట నిలబడితే దిగంతానికి కాస్త పైన అగస్త్య నక్షత్రం దొరుకుతుంది. ప్లానోలో కాంతి కాలుష్యం మధ్య అది కనబడటం కష్టం.

బస దగ్గర ఒక్కటి అడగండి: బయట లైట్లు ఆర్పుకునే వీలుందా అని. కొన్నిచోట్ల రాత్రంతా దీపాల తోరణాలు వెలుగుతూనే ఉంటాయి. ఎర్ర లైటు టార్చ్ కొనుక్కోండి, కళ్లు చీకటికి అలవాటుపడ్డాక తెల్ల లైటు వేస్తే మళ్లీ మొదటికి వస్తుంది.

కొత్తగా_వచ్చా_2 (ఆర్లింగ్టన్)

అన్నా, మేము నలుగురం స్టూడెంట్స్. పాత కరోలా ఉంది. బడ్జెట్ తక్కువ. పార్కులో ఎక్కడైనా రోడ్డు పక్కన కారు ఆపి పడుకోవచ్చా? డ్రోన్ కూడా తీసుకెళ్దామనుకుంటున్నాం.

మట్టిరోడ్డు_మల్లేశ్

తమ్ముడూ, రోడ్డు పక్కన ఎక్కడపడితే అక్కడ ఆపి పడుకోవడం కుదరదు, రేంజర్ వచ్చి లేపుతాడు. పర్మిట్ తీసుకుని దిగే రోడ్‌సైడ్ ప్రిమిటివ్ సైట్లు వేరే ఉన్నాయి. చవక. కానీ నీళ్లు, టాయిలెట్, నీడ ఏమీ ఉండవు. చాలావాటికి వెళ్లే మట్టిదారికి కరోలా పనికిరాదు. బుక్ చేసేటప్పుడు ప్రతి సైటుకూ ఎలాంటి బండి కావాలో రాసి ఉంటుంది, చదువు. డ్రోన్ ఇంట్లో పెట్టు. నేషనల్ పార్కుల్లో నిషేధం, ఫైన్ పడుద్ది.

మంట కూడా అంతే. పార్కులో కట్టెల మంట ఎక్కడా వేయనివ్వరు. బొగ్గుల గ్రిల్లు, గ్యాస్ స్టవ్ వరకే. క్యాంప్‌ఫైర్ చుట్టూ కూర్చుని పాటలు పాడదామనుకుంటే ఈ పార్కు కాదు. 2019 మే నెలలో నది అవతల మొదలైన మంట గాలికి ఇటు దూకి కాస్టొలన్‌లో పాత భవనాలను కాల్చేసింది. అక్కడి ఎండుగడ్డి చూస్తే ఎందుకు వద్దంటారో తెలుస్తుంది.

శ్రీని_ప్లానో

ఇంత వివరంగా రాసినందుకు అందరికీ థాంక్స్. లలిత గారు చెప్పింది చదివి మామగారే ‘మోటెల్ చాలు బాబూ’ అన్నారు. అత్తగారు మాత్రం ఒక్క రాత్రైనా టెంటు కావాలంటున్నారు.

దానయ్య గారూ, రెండుగా చీల్చడం నచ్చింది. తూర్పున రియో గ్రాండే విలేజ్ క్యాంప్‌గ్రౌండ్, పడమర స్టడీ బ్యూట్ గదులు అనుకుంటున్నాం. క్యాంప్‌గ్రౌండ్ ఎప్పుడు బుక్ చేయాలి? మామగారు తూర్పున ఉండే రాత్రుల్లో ఎక్కడ పడుకోవాలి?

దారినపోయే_దానయ్య

రిక్రియేషన్ డాట్ గవ్ అనే బుకింగ్ వెబ్‌సైట్‌లో ఆరు నెలల ముందు నుంచి దొరుకుతాయి. మార్చి మధ్యలో మీ రాత్రులకు సెప్టెంబరు మధ్యలో తెరుచుకుంటుంది. అంటే ఇంకో పది పదిహేను రోజులు. స్ప్రింగ్ బ్రేక్, థ్యాంక్స్‌గివింగ్, క్రిస్మస్ సెలవులు — ఈ మూడింటికీ అక్కడ కాలు పెట్టే చోటుండదు. తెరుచుకున్న రోజే అకౌంటు లాగిన్ చేసుకుని, కార్డు వివరాలు ముందే ఎక్కించుకుని కూర్చోండి. మీ ఇంట్లో ఒకరు, కిరణ్ ఇంట్లో ఒకరు విడివిడిగా ప్రయత్నిస్తే రెండు సైట్లు దొరికే అవకాశం ఎక్కువ.

మామగారికి రెండు దారులు. ఒకటి, ఆ రెండు రాత్రులకు చిన్న ఆర్‌వీ అద్దెకు తీసుకోవడం. మంచం, టాయిలెట్ రెండూ దానిలోనే ఉంటాయి. కానీ డాలస్ నుంచి అంత దూరం ఆర్‌వీ నడపడం, దాని పెట్రోలు ఖర్చు... ఒక్క మనిషి కోసం నాకైతే ఎక్కువ అనిపిస్తుంది. రెండోది, ఎత్తైన మడత మంచం. నేల నుంచి కుర్చీ అంత ఎత్తులో ఉండేవి దొరుకుతాయి. నిలబడేంత ఎత్తున్న టెంటులో ఆ మంచం వేసి, పైన మందపాటి పరుపు పరిస్తే ఆయన కూర్చుని లేవగలరు. మంచం కింద నుంచి చలి కొడుతుంది కాబట్టి దుప్పటి పైనే కాదు, కిందా వేయాలి. టాయిలెట్‌కు దగ్గరి సైటు చూసుకోండి, బుకింగ్ మ్యాపులో కనిపిస్తుంది. ఇంట్లో హాల్లో ఒక రాత్రి ఆ మంచం మీద పడుకోబెట్టి చూడండి. సరిపడకపోతే నాలుగు రాత్రులూ స్టడీ బ్యూట్‌లోనే ఉండి, తూర్పుకు ఒక రోజు పొద్దున్నే బయల్దేరి వెళ్లిరండి. తప్పదు.

షుగరు మందుల గురించి ఒక మాట. దగ్గర్లోని ఆసుపత్రి అంటే ఆల్పైన్ ఊరే. పార్కు మధ్య నుంచి వంద మైళ్లు. ఇన్సులిన్ వాడుతుంటే ఐస్ బాక్సులో వేరే డబ్బాలో, ఐసుకు తగలకుండా పెట్టండి. మందులు రెండింతలు తీసుకెళ్లి, సగం ఒక కారులో, సగం ఇంకో కారులో ఉంచండి.

లలిత_కేటీ

దానయ్య గారి మంచం ఐడియా బాగుంది, మా నాన్నతో వెళ్లినప్పుడు నాకు తట్టలేదు.

రియో గ్రాండే విలేజ్‌లో తిండి విషయం జాగ్రత్త. అక్కడ జావెలినాలు తిరుగుతాయి. అడవిపంది పోలికలే, గుంపుగా వస్తాయి, చూపు తక్కువ, ముక్కు మాత్రం అమోఘం. మా పక్క సైటు వాళ్లు టెంటులో పెట్టి పోయిన చిప్స్ ప్యాకెట్ కోసం టెంటు మూల కింద నుంచి చింపేశాయి. మనం తిరిగొచ్చేసరికి ఆవకాయ జాడీ ఉంటుందనుకుంటే పొరపాటు. తిండి, టూత్‌పేస్టు, సబ్బు అన్నీ కారులోకి, లేదా సైట్లో ఇనుప పెట్టె ఉంటే దానిలోకి. చిసోస్ వైపు ఎలుగుబంట్లు కూడా ఉంటాయి కాబట్టి అక్కడ ఇంకా కచ్చితంగా ఉంటారు.

వంటకు: రెండు పొయ్యిల కోల్‌మన్ స్టవ్, ప్రెషర్ కుక్కర్, స్టవ్ చుట్టూ గాలి తగలకుండా రేకు. మార్చిలో గాలి గట్టిగా వీస్తుంది. రేకు లేకపోతే పప్పు ఉడికేసరికి సిలిండర్ ఖాళీ. పెరుగు తోడుపెట్టుకుందామని పాలు తీసుకెళ్లకండి, రాత్రి చలికి తోడుకోదు. డబ్బా పెరుగు కొనుక్కెళ్లండి. మొదటి రోజుకు పులిహోర, చపాతీలు ఇంటి నుంచే. కూరగాయలు, పెట్రోలు, నీళ్లు అన్నీ దారిలో వచ్చే ఫోర్ట్ స్టాక్టన్ ఊళ్లోనే నింపుకోండి, అక్కడ వాల్‌మార్ట్ ఉంది. టెర్లింగ్వాలో దుకాణాలున్నాయి కానీ చిన్నవి, స్ప్రింగ్ బ్రేక్‌లో సాయంత్రానికి అల్మరాలు ఖాళీ. మనిషికి రోజుకు గ్యాలన్ నీళ్లు లెక్క.

టెంటు ఖాళీగా వదిలి తిరగడానికి వెళ్లేటప్పుడు కర్రలు తీసి పడుకోబెట్టి వెళ్లండి. గాలికి ఎగిరిపోయి నది దగ్గర పొదల్లో చిక్కుకున్న టెంట్లు చూశాను.

ఫ్రిస్కో_కిరణ్

పగలు రాత్రి టెంపరేచర్ ఎలా ఉంటుంది? అమ్మకి స్వెట్టర్లు ఎన్ని సర్దమంటారు?

మట్టిరోడ్డు_మల్లేశ్

నది దగ్గర పగలు ఎనభైల్లో, రాత్రి నలభై, యాభైల్లోకి పడుద్ది (ఫారెన్‌హీట్). ఒకే రోజు టీషర్టు, జాకెట్టు రెండూ కావాలి. ఎత్తును బట్టి చాలా తేడా. రియో గ్రాండే విలేజ్ 1,850 అడుగుల ఎత్తులో ఉంటే బేసిన్ 5,400. అందుకే ఎండాకాలంలో బేసిన్‌కే పోవాలి. మే, జూన్‌లలో నది ఒడ్డున వందా పది దాకా పోతుంది, రెంటచింతల గుర్తొస్తది. ఆ నెలల్లో అక్కడ టెంట్ వేస్తానంటే నేను కూడా వద్దనే చెప్తా.

దారినపోయే_దానయ్య

ఒక ముఖ్యమైన సంగతి ఎవరూ ఎత్తలేదు. కాగితాలు.

పార్కు నుంచి ఉత్తరానికి తిరిగొచ్చేటప్పుడు మారథాన్ వైపు హైవే 385 మీద, ఆల్పైన్ వైపు హైవే 118 మీద బోర్డర్ పెట్రోల్ చెక్‌పాయింట్లు ఉన్నాయి. అమెరికాలోనే ఉన్నాం కదా అనుకోవద్దు, ప్రతి కారూ ఆపి అడుగుతారు. హెచ్‌1బి వాళ్లు, విజిటర్ వీసా మీద వచ్చిన మీ అత్తమామలు అసలు పాస్‌పోర్టులు, ఐ-94 (అమెరికాలోకి వచ్చినప్పటి ప్రవేశ రికార్డు) ప్రింటు దగ్గర పెట్టుకోవాలి. గ్రీన్ కార్డు ఉంటే కార్డే. ఫోనులో ఫొటో ఉంది, మెయిల్లో ఉంది అంటే సిగ్నల్ లేని చోట అది తెరుచుకోదు. అన్నీ ఒకే కవర్లో పెట్టి డాష్‌బోర్డులో ఉంచితే రెండు నిమిషాల పని.

రియో గ్రాండే విలేజ్ దగ్గర బోకియస్ క్రాసింగ్ ఉంది. పడవలో నది దాటి మెక్సికో పల్లెకు పోయి భోజనం చేసి రావచ్చు. 2013లో మళ్లీ తెరిచారు, అధికారిక సరిహద్దు ద్వారం. అమెరికా పాస్‌పోర్టు ఉన్నవాళ్లు హాయిగా వెళ్లిరండి. వీసా స్టాంపు గడువు అయిపోయినవాళ్లు, స్టేటస్ మార్పు దరఖాస్తులో ఉన్నవాళ్లు మాత్రం ఆ పడవ ఎక్కొద్దు. ఒక పూట టాకోస్ కోసం అంత టెన్షన్ ఎందుకు? ఇవతలి ఒడ్డున బోకియస్ కాన్యన్ నడక దారి ఉంది, అది చాలు.

శ్రీని_ప్లానో

నాది స్టాంపు అయిపోయింది, కాబట్టి పడవ వద్దు. మామగారు నడవగలిగే చోట్లు ఏవి? మేమంతా కొండెక్కి ఆయన్ను కారులో కూర్చోబెట్టడం బాగుండదు.

లలిత_కేటీ

బేసిన్ తెరిచి ఉంటే విండో వ్యూ దారి. చిన్నది, చదును చేసిన దారి, బెంచీలుంటాయి, సూర్యాస్తమయం అక్కడే చూడాలి. ఫాసిల్ డిస్కవరీ ఎగ్జిబిట్ కూడా కారు దిగితే అక్కడే, నీడ ఉంటుంది, పిల్లలకు డైనోసార్లు. రాస్ మాక్స్‌వెల్ దారి 30 మైళ్లూ కారులోనే చూస్తూ పోవచ్చు, ఆగే చోట్లు చాలా ఉన్నాయి. శాంటా ఎలీనా గోడలు కూడా దారి చివర పార్కింగ్ దగ్గరి నుంచే కనిపిస్తాయి, లోపలికి నడవకపోయినా నష్టం లేదు. లోపలికి వెళ్లాలంటే వాగు దాటి మెట్లెక్కాలి, ఆయనకు వద్దు.

వేడినీటి బుగ్గకు పావు మైలు నడక, దాదాపు చదును. 105 డిగ్రీల నీళ్లు. 1909లో అక్కడ స్థిరపడినాయన కట్టించిన స్నానాలగది పునాదుల్లోనే ఇప్పటికీ కూర్చుంటారు. మోకాళ్ల నొప్పులకు హాయిగా ఉందని మా నాన్న ఆ నీళ్లలోంచి అరగంట కదల్లేదు. షుగరు ఉన్నవాళ్లు వేడినీళ్లలో ఎక్కువసేపు ఉండకూడదు కాబట్టి డాక్టర్ని ఒక మాట అడగండి. పొద్దున్నే ఎనిమిదిలోపు వెళ్లండి, తర్వాత జనం. అక్కడికి పోయే మట్టిదారి ఇరుకు, కార్లు పోతాయి, ఆర్‌వీలు పోవు.

చుక్కలరాయుడు

నాలుగు రాత్రులూ ఎక్కడా దొరక్కపోతే మారథాన్‌ను కొట్టిపారేయకండి. 1927లో కట్టిన గేజ్ హోటల్ ఉంది, చిన్న ఊరు, రైలు పట్టాలు, మంచి భోజనం. పార్కు ఉత్తరపు గేటు 40 మైళ్లు. రోజూ రావడం పోవడం కష్టమే కానీ, వెళ్లేటప్పుడు ఒక రాత్రి అక్కడ ఆగితే డాలస్ నుంచి ఒక్కరోజులో తొమ్మిది గంటలు నడిపి చీకట్లో టెంటు వేసే బాధ తప్పుతుంది. చీకటి పడ్డాక ఆ హైవేల మీద జింకలు అడ్డం వస్తాయి.

వేదిక నిర్వాహకులు

సైటు బుకింగులు ఇక్కడ అమ్మకానికి పెట్టవద్దు. అలాంటి పోస్టు ఒకటి తొలగించాం.

శ్రీని_ప్లానో

ఇంట్లో కూర్చుని తేల్చుకున్నాం. మొదటి రాత్రి మారథాన్‌లో గదులు. తర్వాత ఒక రాత్రి రియో గ్రాండే విలేజ్‌లో రెండు సైట్లు, ఎత్తు మంచం కొంటున్నాం. ఆఖరి రెండు రాత్రులు స్టడీ బ్యూట్‌లో మోటెల్ గదులు, వాటిని ఈరోజే బుక్ చేశాం, రద్దు చేసుకునే వీలున్నవి. కిరణ్ వాళ్లు మాత్రం ఒక రాత్రి డోముకు వెళ్తారట, పిల్లల గోల భరించలేక.

క్యాంప్‌గ్రౌండ్ దొరక్కపోతే ఏం చేయాలి? ఇంకొకటి, రెండో కారు అద్దెకు తీసుకుంటున్నాం. ఏమైనా చూసుకోవాలా?

మట్టిరోడ్డు_మల్లేశ్

దొరక్కపోతే అలర్ట్ పెట్టు అన్నా. రిక్రియేషన్ డాట్ గవ్‌లో సైటు ఖాళీ పడగానే మెయిల్ వస్తది. ఫిబ్రవరి చివర చాలామంది ప్లాన్ మార్చుకుని రద్దు చేస్తరు. అదీ కాకపోతే పక్కనే బిగ్ బెండ్ రాంచ్ స్టేట్ పార్క్ ఉంది, లాహీటస్ నుంచి ప్రెసిడియో పోయే ఎఫ్‌ఎం 170 రోడ్డు వెంట నది ఒడ్డున క్యాంప్ సైట్లున్నయి. టెక్సాస్ స్టేట్ పార్కుల సైట్లో వేరేగా బుక్ చేయాలి. ఆ రోడ్డు కోసమైనా ఒక పూట అటు పోండి.

దారినపోయే_దానయ్య

అద్దె కారు తీసుకునేటప్పుడు డిక్కీ తెరిచి కార్పెట్ ఎత్తి స్పేర్ టైరు ఉందో లేదో చూడండి. ఈమధ్య చాలా కార్లలో టైరు బదులు గాలి కొట్టే చిన్న మెషీను, ఒక డబ్బా జిగురు పెడుతున్నారు. టైరు పక్క గోడ రాయికి కోసుకుంటే ఆ జిగురు పనిచేయదు, టో ట్రక్కు రావడానికి సగం రోజు పడుతుంది, దాన్ని పిలవడానికి సిగ్నల్ ఉన్న చోటు వెతుక్కోవాలి. టైరు, జాకీ రెండూ లేకపోతే కౌంటర్ దగ్గరే వేరే కారు అడగండి.